సీఆర్‌పీలో ఉన్న పొలం కొంటే ఆ డబ్బులు మనకే వస్తాయా?

డల్లాస్_బావమరిది:
నేనూ మా బావా కలిసి టెక్సస్ ఉత్తరం కొస, పాన్‌హ్యాండిల్ వైపు 160 ఎకరాలు చూశాం, బోరు లేదు ఏం లేదు, మొత్తం గడ్డే. రియల్టర్ ఏమంటున్నాడంటే ఇది సీఆర్‌పీలో, అంటే కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్ అనే స్కీమ్‌లో ఉంది, గవర్నమెంట్ ఎకరానికి ఏడాదికి 38 డాలర్లు ఇస్తుంది, 2031 సెప్టెంబర్ దాకా కాంట్రాక్ట్ ఉంది, మీరు కొనుక్కుని ఊరికే కూర్చోండి చాలు అని. అంటే ఏడాదికి 6,080. పంట వెయ్యనందుకు డబ్బులంటే మా నాన్నగారు ఫోన్లో ఒకటే నవ్వు. ఇందులో మతలబు ఏమైనా ఉందా? నేను హెచ్1బీ, బావ సిటిజన్.

గోధుమచేను:
డబ్బులు నిజమే గానీ ఊరికే కూర్చోవడం మాత్రం అబద్ధం. 1985 ఫార్మ్ బిల్లుతో వచ్చిన స్కీమ్ ఇది, గాలికి వానకి మట్టి కొట్టుకుపోయే నేలల్ని 10 నుంచి 15 ఏళ్ళు దున్నకుండా గడ్డి పెంచితే యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) అద్దె కడుతుంది, మీరు చూసిన ఏరియా 1930ల్లో దుమ్ము తుఫాన్లతో నాశనమైన చోటే కాబట్టి అక్కడ ఇలాంటి పొలాలు చాలా ఉంటాయి. కలుపు ముదరకుండా చూసుకోవడం, మధ్యలో ఒకసారి వాళ్ళు చెప్పినట్టు గడ్డిని బాగుచెయ్యడం ఓనర్ పనే. పర్మిషన్ లేకుండా పశువుల్ని తోలినా గడ్డి కోసినా పెనాల్టీ.
అసలు మెలిక అమ్మకం దగ్గర. పొలం చేతులు మారితే కొన్నవాళ్ళు 60 రోజుల్లో కౌంటీ ఎఫ్ఎస్ఏ (ఈ స్కీమ్ నడిపే యూఎస్‌డీఏ విభాగం, ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) ఆఫీసుకెళ్ళి ఆ కాంట్రాక్ట్‌ని తమ పేరు మీదకి తీసుకోవాలి. తీసుకోకపోతే కాంట్రాక్ట్ క్యాన్సిల్, ఇన్నేళ్ళూ ఇచ్చిందంతా వడ్డీతో వెనక్కి కట్టమంటారు. రూల్ ప్రకారం అది అమ్మినవాడి మీద పడుతుంది, అందుకే వాడి లాయరు ఆ భారం కొన్నవాడిదే అని అగ్రిమెంట్‌లో ఒక లైను పెడతాడు, అది చదవకుండా సంతకం పెట్టకండి బాబూ.

ఓరుగల్లు_పోరడు:
అన్నా హెచ్1బీ అన్నవ్ గదా, గదే పెద్ద ముచ్చట. సిటిజన్ గాని గ్రీన్‌కార్డ్ గాని లేనోళ్ళకు ఈ పైసలు రావు, సొంతంగా ఆడ పొలంల పని చేస్తే తప్ప, నువ్వు ఐటీ జాబ్ ఇడిచిపెట్టి ట్రాక్టర్ ఎక్కితే వీసా ఏం గావాలె. ఇద్దరు కలిసి ఎల్ఎల్‌సీ కంపెనీ పెడదామంటే అండ్ల నీ అసొంటోళ్ళ వాటా 10 శాతం దాటితే దాన్ని కూడా ఫారినే అంటరు, అడిగితే బావ వాటా మేరకు ఇయ్యొచ్చు గంతే. ఇంకోటి, పైసలు వచ్చినా రాకున్నా నీ పేరు మీద వ్యవసాయ భూమి వస్తే 90 రోజులల్ల ఎఫ్ఎస్ఏకు రిపోర్ట్ ఇయ్యాలె, ఫారినోళ్ళ భూముల మీద 1978 నుంచి ఉన్న చట్టం, మర్చిపోతే ఫైన్ భూమి విలువల 25 శాతం దాక పోతది.
మన రైతుబంధుల గుట్టలకు, వెంచర్లకు పైసలు పడ్డయని లొల్లి అయింది గదా, ఈడ ముందుగాలనే బీడు పెట్టినందుకే ఇస్తున్నరు, చిత్రం.

ఫారమ్_ఎఫ్:
ట్యాక్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. వ్యవసాయం చేసేవాళ్ళకైతే ఈ అద్దె మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ (సొంత పని చేసుకునేవాళ్ళు కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను) కూడా అడుగుతుంది ఐఆర్ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, అసలు రైతే కానివాళ్ళ విషయంలో 2014లో ఎనిమిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు ఓనర్ వైపు తీర్పిచ్చింది కానీ టెక్సస్ ఆ సర్క్యూట్ కిందకి రాదు. పొలం లెక్కలు తెలిసిన సీపీఏని (ట్యాక్స్ అకౌంటెంట్‌ని) పట్టుకోండి, మన డబ్ల్యూ2 జీతాల లెక్కలు చేసేవాళ్ళకి ఇది అంతుపట్టదు.

డల్లాస్_బావమరిది:
అందరికీ థాంక్స్. అయితే మొత్తం బావ పేరు మీదే కొంటే?

గోధుమచేను:
అప్పుడు గొడవ తక్కువ, ఆయన సగటు ఆదాయం ఏడాదికి 9 లక్షల డాలర్లు దాటకపోతే చాలు. కానీ సగం డబ్బు నీది అయ్యి పేరు ఆయనదైతే, అది ఎఫ్ఎస్ఏ ఫారాల్లో దాచి సంతకం పెట్టొద్దు, ముందు లాయర్ని అడుగు. అడ్వాన్స్ ఇచ్చేలోపే రియల్టర్ దగ్గర కాంట్రాక్ట్ కాపీ, పొలం మ్యాపు తెప్పించుకో, 160లో ఎన్ని ఎకరాలు నిజంగా స్కీమ్‌లో ఉన్నాయో అందులోనే తెలుస్తుంది.