ఇంగ్లీష్ మాన్యువల్‌లో ఒక్క వాక్యం, మూడు అర్థాలు: ఎలా తిరగరాయాలి?

ఇన్‌స్టలేషన్ మాన్యువల్ ఇంగ్లీష్‌లో రాస్తున్నాను. నాలుగో స్టెప్ ఇది: "స్టాప్ ది సర్వర్ యూజింగ్ ది స్క్రిప్ట్ ఆన్ ది బ్యాకప్ మెషీన్." నా ఉద్దేశం, స్క్రిప్ట్ ఫైల్ బ్యాకప్ మెషీన్‌లో ఉంటుంది, నడపాల్సింది మాత్రం మెయిన్ మెషీన్ నుంచే. తెలుగులో "బ్యాకప్ మెషీన్‌లో ఉన్న స్క్రిప్ట్‌తో సర్వర్‌ని ఆపండి" అంటే ఏది దేనికి చెందుతుందో గొడవే ఉండదు.

ముగ్గురితో చదివించాను. ఒకరు "స్క్రిప్ట్‌ని వాడుతున్న సర్వర్‌ని ఆపాలి" అనుకున్నారు. ఇంకొకరు సర్వరే బ్యాకప్ మెషీన్‌లో ఉందనుకున్నారు. "యూజింగ్" ముందు "బై" చేర్చాక మొదటి అపార్థం పోయింది, రెండోది పోలేదు. "ఆన్ ది బ్యాకప్ మెషీన్"ను వాక్యం మొదట్లోకి తెచ్చాను, ఈసారి ఇద్దరు పొరబడ్డారు! కామా పెట్టినా లాభం లేదు. "స్క్రిప్ట్ దట్ ఈజ్ స్టోర్డ్ ఆన్ ది బ్యాకప్ మెషీన్" అని విడమరిచి రాస్తే కొంత నయం, కానీ "అయితే అక్కడే లాగిన్ అయి నడపాలా?" అని అడిగారు.

స్టెప్‌కి ఒకే వాక్యం, 20 పదాలు దాటకూడదన్నది మా నియమం. ఆ హద్దులోనే స్క్రిప్ట్ ఎక్కడుందో, ఎక్కడి నుంచి నడపాలో రెండూ తేలిపోయేలా ఈ వాక్యాన్ని మీరైతే ఎలా రాస్తారు?