సమస్యాపూరణం: "చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ" (దసరా, సిరిమాను పండుగల ప్రత్యేకం)

నిర్వాహకుడు:
మిత్రులారా, మన ఊళ్ళకు పండుగల కాలం వస్తోంది. సెప్టెంబరు 21న గురజాడ జయంతితో విజయనగరంలో సభలు మొదలవుతాయి. తరువాత దేవీ నవరాత్రులు. దసరా వెళ్ళిన సోమవారం తొలేళ్ళు (సిరిమాను ముందు రాత్రి వేడుక), మర్నాడు మంగళవారం విజయనగరం గ్రామదేవత పైడితల్లి సిరిమాను (పొడవైన మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండుగ), ఆపై మంగళవారం పెద్ద చెరువులో తెప్పోత్సవం. సిరిమానుకు ముందు జరిగే విజయనగరం ఉత్సవాల్లో హరికథ, వీణ, కోలాటం, నాటకం అన్నీ వేదికలెక్కుతాయి. అందుకే ఈసారి సమస్యను మన నేల మీది నుంచే ఎంచాను.

ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి:

చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

నియమం ఒక్కటే. రాబోయే ఈ పండుగల్లో మనం కళ్ళారా చూడబోయే కళ ఏదో ఒకటి పూరణలో ఉండాలి. కృష్ణుడు తెచ్చిన పారిజాతాన్నో, స్వర్గంలోని కల్పవృక్షాన్నో పిలిచి సమస్యను దాటేయవద్దు. అవి ఎవరైనా రాస్తారు. మన ఊరి చెట్టును మనమే రాయాలి.

సమస్యలో చిక్కులు రెండున్నాయి. చెట్టు ఎలా నడుస్తుంది? కొలిచేది ఎవరు, కొలిపించుకునేది ఎవరు? మొదటిది విప్పి రెండోది వదిలేస్తే పూరణ సగమే అయినట్టు.

చీపురుపల్లి నుంచి:
సిరిమాను గురించే మొదట రాయాలనిపించింది. తప్పులుంటే చెప్పండి.

చింత మాను నఱికి సిరిమానుగాఁ జెక్కి
పైడితల్లి పేర బండి నిలుప
మూడు మార్లు కోట ముందుకుఁ జని వచ్చి
చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

గజపతినగరం మాస్టారు:
గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) సరిగ్గా కుదిరాయి. మొదటి పాదంలో "చిం–సి", రెండో పాదంలో "పై–బ", మూడో పాదంలో "మూ–ము". ఎక్కడా తడబాటు లేదు. గుడి నుంచి కోటకు సిరిమాను మూడు సార్లు వెళ్ళి రావడమూ చక్కగా పట్టారు. అయితే నాకు మూడు చోట్ల అడ్డుపడింది.

"నఱికి" అనే మాట వద్దు బాబూ. అమ్మవారు పూజారికి కలలో కనిపించి చెట్టున్న చోటు చెబుతుందని మన నమ్మకం. ఆ చెట్టుకు పూజ చేసి, ఊరేగింపుగా తెచ్చి, అప్పుడు సిరిమానుగా చెక్కుతారు. పద్యం గొడ్డలి దగ్గర మొదలైతే ఆ భక్తి అంతా పోతుంది. "చింత మాను తెచ్చి" అంటే గణమూ చెడదు, మర్యాదా నిలుస్తుంది.

రెండోది, "చని వచ్చి" తరువాత వెంటనే "నడచి వచ్చె". ఒకే పనిని రెండు సార్లు చెప్పారు. మూడోది, కొలిచేవాళ్ళు పద్యంలో ఎక్కడా లేరు. గుడి దగ్గరి మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా మేడల మీద, గోడల మీద, చెట్ల మీద నిండిపోయిన జనమే లేకపోతే అది సిరిమాను పండుగ ఎలా అవుతుంది?

చీపురుపల్లి నుంచి:
ధన్యవాదాలు మాస్టారూ. ఇది సవరణ.

చింత మాను తెచ్చి సిరిమానుగాఁ జెక్కి
పైడితల్లి పేర బండి నిలుపఁ
గోట దారి జనులు కూడి రెదురు చూచి
చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

నిర్వాహకుడు:
"మూడు మార్లు" పోయినందుకు కొంచెం బాధగానే ఉంది కానీ, ఇప్పుడు పద్యానికి ప్రాణం వచ్చింది. ఎదురు చూసే జనం, వాళ్ళ కోసం కదిలి వచ్చే మాను. చివరి పాదం వాళ్ళ కళ్ళలోంచి చూసినట్టుంది. ఇంకెవరైనా ప్రయత్నిస్తే సిరిమాను ముందు నడిచే బెస్తవారి వల, పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం వీటిలో ఒక్కటైనా పద్యంలోకి తీసుకురండి. జనం విసిరే అరటిపళ్ళు సరేసరి. 50, 60 అడుగుల మాను కొసన కూర్చుని ఆ పళ్ళ వానలో ఊగుతూ వచ్చే పూజారి మీద ఇంతవరకూ ఒక్కరూ రాయలేదు.

బొబ్బిలి నుంచి:
అన్నయ్య గారికి నమస్కారం. మా ఊరి చెట్టు పనస.

పనస దుంగ తొలిచి బంగారు వీణగా
గొల్లపల్లి చేయి గుఱుతు నిలుప
వేది నెక్కి పాడె వెల్లువై రాగాలు
చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

గజపతినగరం మాస్టారు:
అమ్మా, "గొల్లపల్లి చేయి గుఱుతు నిలుప" అన్న పాదం నాకు చాలా నచ్చింది. వీణ మీద రాసినవాళ్ళంతా సరస్వతినీ నారదుణ్ణీ తలుస్తారు, చెక్కిన చేతిని తలచరు. ఆ ఊళ్ళో ఒకే దుంగను తొలిచి కుండ, దండి కలిపి ఏకాండి వీణగా తీర్చే వడ్రంగుల పనికి ఈ పాదం దండం పెట్టింది.

ఇక లోపాలు. "బంగారు" యతి కోసం వచ్చిన మాట. పనస వీణకు బంగారంతో పని లేదు. అంతకన్నా పెద్ద లోపం, మీ చెట్టు పాడింది కానీ నడవలేదు. సమస్య అడిగినది నడకను. చివరి పాదాన్ని తీసేసినా మీ మూడు పాదాలు వాటంతట అవి నిలబడతాయి, అంటే సమస్య పద్యంలో అతకలేదన్నమాట.

బొబ్బిలి నుంచి:
నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు మా అమ్మాయి గుడిలో వీణ వాయించబోతోంది. అదే పెట్టి తిరగరాశాను మాస్టారూ.

పనస దుంగ తొలిచి పలికెడి వీణగా
గొల్లపల్లి చేయి గుఱుతు నిలుపఁ
బలుకుతల్లి గుడికిఁ బడతి చేతుల నెక్కి
చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

నిర్వాహకుడు:
ఎంత మంచి సవరణ! నడక పడతిది, కొలుపు పలుకుతల్లిది. రెండు చిక్కులూ ఒక్క మూడో పాదంతో విడిపోయాయి. 1757లో బొబ్బిలి, విజయనగరం యుద్ధభూమిలో ఎదురుపడ్డాయి. పైడితల్లి కథకు కూడా ఆ యుద్ధమే మూలం. ఇవాళ సిరిమాను పద్యం కిందే బొబ్బిలి వీణ పద్యం కూర్చున్నందుకు నాకు సంతోషంగా ఉంది. అమ్మాయికి మా అందరి ఆశీస్సులు చెప్పండి.

విశాఖపట్నం నుంచి:
హరికథ పుట్టిన ప్రాంతం మనది. చిడతలూ చెట్టు బిడ్డలే కదా.

చేతఁ జిడత లాడఁ జిందులై గజ్జెలు
హరినిఁ బొగడు దాసు డడుగు పెట్టెఁ
గఱ్ఱముక్క యయ్యుఁ గతులన్ని నేర్చిన
చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

చీపురుపల్లి నుంచి:
రెండో పాదంలో "హ"కు "డ"తో యతి ఎలా కుదిరింది? నాకు అర్థం కాలేదు.

గజపతినగరం మాస్టారు:
అక్కడ యతి "డ"కు కాదు బాబూ. "దాసుడు + అడుగు" కలిసి "దాసు డడుగు" అయింది. సంధిలో దాగిన అకారానికి యతి. "హ"కు "అ"తో మైత్రి ఉంది కాబట్టి చెల్లుతుంది. ఇలాంటి చోట పదాన్ని విడదీసి అచ్చును వెతుక్కోవాలి.

ఈ పద్యంలో మూడో పాదం దగ్గర ఆగి మళ్ళీ చదివాను. "కఱ్ఱముక్క యయ్యుఁ గతులన్ని నేర్చిన చెట్టు." హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి ఊసు ఎత్తకుండానే ఆయన్ను గుర్తు చేశారు. కాళ్ళతో, చేతులతో, తలతో వేర్వేరు తాళాలను ఒకేసారి నడిపించిన లయబ్రహ్మ ఆయన. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడూ ఆయనే. మొదటి పాదం మాత్రం కాస్త తొందరలో కట్టినట్టుంది. గజ్జెలు చిందులై ఏం చేశాయో తేలలేదు, "ఆడ" అన్న క్రియను గజ్జెలకూ మనమే తగిలించుకోవాలి.

నిర్వాహకుడు:
ఆ కళాశాల పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. ద్వారం వేంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు అది, 1936 నుంచి దానికి అధ్యక్షులు కూడా. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. అయినా ఇన్ని పూరణల్లో వయొలిన్ ఊసే లేదు. దాని ఒంట్లో చెక్క తప్ప ఇంకేముంది? ఎవరైనా అందుకోండి.

ఎలమంచిలి నుంచి:
మా వైపు కఱ్ఱ అంకుడు. దసరా బొమ్మల కొలువుకు సిద్ధం చేస్తున్నాం.

అంకు డనెడి కఱ్ఱ కద్దిరి లక్కను
వరహ గట్టు మీద వన్నె లొలుక
మదికి నచ్చు బొమ్మ మన యేటికొప్పాక
చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

గజపతినగరం మాస్టారు:
"ఏటికొప్పాక" అనే ఊరి పేరు ఆటవెలదిలో ఇమడదనుకునేవాణ్ణి. "మన యేటికొప్పాక చెట్టు" అని పాదం దాటించి భలే ఇమిడ్చారు. ఆ ఒక్క పొందికకే వంద మార్కులు.

కానీ ఆ ఏరు వరాహ నది. "వరహ" అంటే బంగారు నాణెం. ఛందస్సు కోసం దీర్ఘం తీసేస్తే నది పేరే మారిపోయింది. "వాక గట్టు మీద వన్నె లొలుక" అనండి. "వా–వ" యతి నిలుస్తుంది, వాక అన్న మాట మన వైపు వాళ్ళందరికీ తెలుసు. అంకుడు మెత్తని కఱ్ఱ. దాన్ని లేతు మీద తిప్పుతూ, చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను అద్దుతారు. ఆ తిరుగుడు కూడా పద్యంలోకి వచ్చి ఉంటే బాగుండేది. బొమ్మ నడవడం మాత్రం ఊహకే వదిలేశారు. అది ఒప్పుకోవచ్చు, పిల్లల చేతుల్లో బొమ్మలన్నీ నడుస్తాయి.

పార్వతీపురం విద్యార్థిని:
నేను తొమ్మిదో తరగతి. ఇది నా మొదటి పద్యం. మా బడిలో దసరా ముందు నాటకం వేస్తున్నాం, మా తమ్ముడు అందులో చెట్టు.

పిల్లవాడు ఆకు వేషము ధరియించి
పాఠశాల నాటకమునఁ బయలుదేరి
తెరలు తొలగఁ గొలువు దీరిన యమ్మను
చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

గజపతినగరం మాస్టారు:
తల్లీ, ముందు మెచ్చుకోలు. ఇంతమంది పెద్దవాళ్ళం వీణను మోయించి, బండిని తోలించి చెట్టును నడిపించాం. నీ చెట్టు తన కాళ్ళతో తానే నడిచింది! అమ్మను కొలవడానికి అదే వచ్చింది. సమస్యలోని రెండు ముడులూ ఇంత సూటిగా విప్పినది నీ పద్యమే.

ఇప్పుడు దిద్దుకుందాం. "పిల్లవాడు ఆకు" అన్నచోట ఉకారం పక్కన అచ్చు వచ్చింది. పద్యంలో దాన్ని విడిగా ఉంచకూడదు, కలిపితే "పిల్లవా డాకు" అయి గణం తప్పుతుంది. "పిల్లవాడు మాను" అంటే చాలు. రెండో పాదంలో లెక్క పెట్టు: పాఠ, శాల, నాట, కమునఁ, బయలు, దేరి. ఆరు గణాలు వచ్చాయి, ఉండాల్సినవి ఐదు సూర్యగణాలు. యతి కూడా అందుకే తప్పింది. పాఠశాల బదులు బడి అని చూడు.

పిల్లవాడు మాను వేషము ధరియించి
బడిని నాటకమునఁ బయలుదేరి
తెరలు తొలగఁ గొలువు దీరిన యమ్మను
చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

మూడో పాదంలో నేను ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు, చూశావా? అది నీదే.

నిర్వాహకుడు:
"కన్యాశుల్కం" 1892లో తొలిసారి రంగమెక్కిన ఊరు విజయనగరం. ఆ జిల్లాల పిల్లలు ఇంకా బళ్ళలో నాటకాలు వేస్తున్నారని, వాటి మీద పద్యాలు కూడా కడుతున్నారని తెలిసి కడుపు నిండింది. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

తెప్పోత్సవం మీద వచ్చిన రెండు పూరణలను పక్కన పెట్టాను. తెప్ప తేలుతుంది, నడవదు. "నీటి మీద నడచె" అని సర్దడం నాకు ఒప్పుదల కాలేదు. ఆ కవులు కోపగించుకోకుండా తొలేళ్ళ మీద రాయాలని కోరుతున్నాను. ఆ రాత్రి అమ్మవారి సన్నిధిలో రైతులకు పంచే విత్తనాలే కదా చెట్లకు మొదలు.

నా వంతుగా కోలాటం:

కోలకోల తాకఁ గూటమై పడతులు
పాట పాడి రూరి బాట వెంటఁ
గొమ్మ కొమ్మ చేతఁ గోలలై మారిన
చెట్టు నడచి వచ్చెఁ జేరి కొలువ

గజపతినగరం మాస్టారు:
"కొమ్మ కొమ్మ చేత" మంచి శ్లేష, చదివిన వెంటనే చెట్టు కొమ్మ, స్త్రీ అన్న రెండర్థాలూ తోచాయి. కానీ ఇందాక అందరికీ మీరు పెట్టిన పరీక్షే మీకూ పెడతాను. పడతులు ఎవరిని కొలుస్తున్నారు? "ఊరి బాట" బదులు "అమ్మ బాట" అనండి. "పాడి రమ్మ బాట వెంట". గణం మారదు, కొలుపు తేలిపోతుంది.

నిర్వాహకుడు:
తప్పక మారుస్తాను మాస్టారూ. ఇలా చదివేవాళ్ళుండగా పద్యం రాయడమే ఒక పండుగ.

వచ్చే వారం సమస్య, ఇది కూడా ఆటవెలది నాలుగో పాదమే:

తోలు పాట పాడెఁ దొలగె నిదుర

మళ్ళీ అదే నియమం. ఈ పండుగల్లో మీరు వెళ్ళి వినబోయేదీ చూడబోయేదీ అయి ఉండాలి. వాయించేవారు ఎవరో, ఆ తోలును బిగించింది ఎవరో పద్యంలో కనిపించాలి. తొలేళ్ళ రాత్రి లోపు పంపండి.