ఓటేసి ఏటి లాభం? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చెప్పండి (చర్చ)

నాగావళి గట్టు: ఎవరు గెలిచినా వలసలు ఆగట్లేదు, ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఆగట్లేదు. ఏ పార్టీ మీదా నమ్మకం లేదు. మానేయడమా, నోటా నొక్కడమా? వలస వెళ్లినవాళ్ల ఓటు సంగతి కూడా చెప్పండి.

టెక్కలి కుర్రోడు: 2019లో శ్రీకాకుళం లోక్‌సభ మెజారిటీ 6,653. ఏడు అసెంబ్లీలకు పంచితే ఒక్కోదానికి వెయ్యి కూడా రావు. 1989లో అనకాపల్లి లోక్‌సభ తేలింది 9 ఓట్లతో. రెండు మూడు ఇళ్లవాళ్లు బద్ధకించినా ఫలితం తిరగబడేది. ‘నా ఒక్క ఓటుతో ఏటౌతాది’ అనేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

బొబ్బిలి కోట: నోటా వల్ల ఒరిగేదేమీ లేదు. సుప్రీంకోర్టు 2013 తీర్పుతో వచ్చింది. దానికి అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా తర్వాతి అభ్యర్థినే గెలిచినట్టు ప్రకటిస్తారు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి కదా, ఆ లెక్కలోకీ నోటా రాదు.

సాలూరు సంత: ఒరిగేది లేదా? 2019లో అరకు లోక్‌సభలో నోటాకు దాదాపు 48 వేలు పడ్డాయి. సాలూరు, కురుపాం, పార్వతీపురం, పాలకొండ అందులోవే. అన్ని ఓట్లు ఎవరికీ పడలేదంటే తర్వాత నిలబడేవాడు కొండ ఎక్కి అడగాలి.

బొబ్బిలి కోట: ఆ 48 వేలూ కోపంతో నొక్కినవేనా? నోటా మీట అన్నింటికంటే కింద ఉంటుంది. గుర్తు పోల్చుకోలేక ఆఖరిది నొక్కినవాళ్లు ఉండరా?

సాలూరు సంత: గిరిజనులకు తెలీదనే మాట ఇక ఆపండి. డోలీలో మనిషిని మోసుకెళ్లేవాళ్లకి రోడ్డు ఎవడు వెయ్యలేదో బాగా తెలుసు. పట్నంవాళ్లు నొక్కితే నిరసన, మావాళ్లు నొక్కితే పొరపాటా?

బొబ్బిలి కోట: కించపరచాలని కాదండీ. ఆ కోపం గెలుపోటముల్లో కనపడాలంటే ఓటు ఎవరో ఒకరికి పడాలి. ఆ మాట మీదే ఉన్నాను.

పలాస జీడి: కొట్లాట ఆపండి బావూ. మా వైపు సగం మంది హైదరాబాదులో ఉన్నారు. ఇక్కడొకటి, అక్కడొకటి ఓటుంటే తప్పేటి?

చీపురుపల్లి మాస్టారు: తప్పే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక్కచోటే పేరుండాలి. దరఖాస్తులో అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు. 2024లో ఆంధ్రాకీ తెలంగాణకీ మే 13నే పోలింగ్ పెట్టారు, రెండుచోట్లా వేసే వీలే లేదు.

పలాస జీడి: కొటియా ఊళ్లవాళ్లకి ఆంధ్రా కార్డూ ఒడిశా కార్డూ ఉన్నాయి కదా, వాళ్లనెవరూ అడగరేటి?

సాలూరు సంత: అది సరిహద్దు తగాదా, ఇల్లు మారిన సంగతి కాదు. రెండు ప్రభుత్వాలూ ఆ ఊళ్లు మావే అంటున్నాయి. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

చీపురుపల్లి మాస్టారు: ప్రిసైడింగ్ డ్యూటీలు చేసినవాడిగా చెబుతున్నా, వినండి. వలస వెళ్లినవాళ్ల ఓటు ఎక్కువగా పోయేది జాబితాలోనే. బీఎల్‌వో (ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చినప్పుడు తాళం ఉంటే, ఊళ్లో లేరు, పేరు తీసేయమని ఎవరైనా ఫారం 7 పెడితే పేరు ఎగిరిపోవచ్చు. ముసాయిదా జాబితా అతికించినప్పుడే ఇంట్లో ఉన్నవాళ్లు అందరి పేర్లూ చూడాలి. కొత్త ఓటుకి ఫారం 6, ఇల్లు మారినా తప్పులు దిద్దాలన్నా ఫారం 8. నామినేషన్ల గడువు దాటితే ఇక పేరు ఎక్కదు.

బూత్‌కి వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేస్తే తిరిగొచ్చేయకండి. టెండర్ ఓటు అడగండి. కార్డు చూసి, 17బీ జాబితాలో సంతకం తీసుకుని, కాగితం బ్యాలెట్ ఇస్తారు. అది మామూలు లెక్కింపులోకి రాదు గానీ, కేసు పడితే సాక్ష్యంగా నిలుస్తుంది.

టెక్కలి కుర్రోడు: పోలింగ్ టైం అయిపోయిందని లైన్లో ఉన్నవాళ్లని పంపేస్తే?

చీపురుపల్లి మాస్టారు: పంపకూడదు. టైం అయ్యేసరికి లైన్లో ఉన్నవాళ్లందరికీ చీటీలివ్వాలి, అదీ చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకి. రాత్రయినా వేయించాల్సిందే.

నాగావళి గట్టు: మా అమ్మ ఓటరు కార్డు పోయింది. ఇంటికిచ్చే ఓటరు స్లిప్పు చాలా?

పలాస జీడి: స్లిప్పు ఒక్కటే చాలదు. పేరు జాబితాలో ఉంటే ఆధార్ గానీ, ఉపాధి హామీ జాబ్‌కార్డు గానీ, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు గానీ తీసుకెళ్లమనండి. కొత్త కార్డుకి కూడా ఫారం 8 సరిపోతుంది.