డ్యూరర్ ఆదాము: కంటికి పుట్టాడా, కంపాసుకి పుట్టాడా?

గీతలగిరి: జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1504లో రాగి రేకు మీద చెక్కిన 'ఆదాము–హవ్వ' ప్రింటు చాలామంది చూసే ఉంటారు. నిలువు 25 సెంటీమీటర్లే. నా ఫిర్యాదు ఒకటే: అందులో జంతువులకున్న ప్రాణం మనుషులకి లేదు. వృత్తాలూ చతురస్రాలూ గీసి ఒళ్లు కట్టే సాధన ముందే చేసి పెట్టుకున్నాడు. అందుకే బిగుసుకుపోయారు. ఛాతీ మనవైపు, మొహం పక్కకి!

రాగిరేకు: బిగుసుకున్నారా? ఆదాము తొడ మీద గీతల్ని పెద్దది చేసి చూడండి. కండ నీడలోకి తిరిగేచోట గీత లావెక్కుతుంది, వెలుగులోకి వచ్చేసరికి సన్నబడి చుక్కలైపోతుంది. స్కేలు పెడితే వచ్చే పనా అది? పైగా అచ్చులో బొమ్మ తిరగబడుతుంది కాబట్టి రేకు మీద కుడి ఎడమలు తిప్పి చెక్కాలి.

గీతలగిరి: నేనడిగింది గీత కాదు, కొలత. ఎత్తులో ఎనిమిదో వంతు తల అనేది పాతకాలపు రోమన్ వాస్తుశిల్పి విత్రూవియస్ లెక్క. డ్యూరర్ దాన్ని పట్టుకున్నాడా లేదా?

సుధ_బొమ్మలు: ఎలుక ముందే పిల్లి కునుకు తీస్తోంది, నాకు అదే నచ్చింది 😄

రాగిరేకు: పట్టుకున్నాడు, అక్కడే ఆగిపోలేదు. 1507లో తనే వేసిన ఆదాము హవ్వల పెయింటింగులు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఇద్దరూ ఇంకా సన్నం. ఆయన పోయిన ఏడాదే, 1528లో, అచ్చయిన మనిషి కొలతల పుస్తకంలో తల ఏడో వంతున్న మోటు రైతు కూడా ఉన్నాడు. చదివి తిట్టండి.

గీతలగిరి: చదవలేదని మీకెవరు చెప్పారు? మర్యాదగా మాట్లాడండి. కాలేజీలో మోడల్‌గా కూర్చున్న ముసలాయన్ని ఉన్నదున్నట్టు వేస్తే, ప్రపోర్షన్ తప్పని మా మాస్టారు ఎర్రపెన్నుతో కొట్టేశారు. ఆయన అలాగే ఉన్నాడు మరి! గోడ మీద ఏమో ఇదే ఆదాము.

రాగిరేకు: కొట్టేయడానికైనా మీకో మాస్టారున్నారు. నేను సైన్‌బోర్డుల షాపులో నేర్చుకున్నవాణ్ణి. తల ఎంత, చెయ్యి ఎంత అనడిగితే "చూస్తూ ఉండు, వస్తుంది" అనేవాడు ఓనరు. డ్యూరర్‌కీ కుర్రతనంలో ఇదే గతి. ఇటలీ చిత్రకారుడు జాకొపో దె బార్బరి కొలత ప్రకారం కట్టిన స్త్రీ పురుషుల బొమ్మలు చూపించి, కిటుకు మాత్రం విప్పలేదు. డ్యూరరే విత్రూవియస్‌ని తిరగేసి, మనుషుల్ని కొలిచి, దొరికిందంతా నేర్చుకునేవాళ్ల కోసం రాసిపెట్టాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

అతిథి: అయితే గొడవ డ్యూరర్‌తో కాదన్నమాట!

గీతలగిరి: కాదు. నేర్చుకోవడానికి ఇచ్చిన కొలతని మార్కులు కోసే కత్తి చేసినవాళ్లతో. మీ మోటు రైతుని ఏ క్లాసు గోడకి తగిలించారో చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

రాగిరేకు: గోడ సంగతి నాకు తెలీదు. రాత్రికి ఆ పేజీ స్కాన్ పెడతా, మాస్టారికి మీరే పంపుకోండి.