ఆనీ అండ్ ది కాల్డ్‌వెల్స్: ఈ కుటుంబం ఇన్నాళ్ళూ ఎక్కడుంది?

పాత_క్యాసెట్:
యూట్యూబ్ తనంతట తానే ఒక లైవ్ వీడియో తెచ్చి పెట్టింది, ఇక నిద్ర లేదు. అరవై దాటిన పెద్దావిడ ముందు నిలబడి పాడుతోంది, పక్కన ఆవిడ కూతుళ్ళు, గిటార్ మీద భర్త, బేస్, డ్రమ్స్ మీద కొడుకులట. దేవుడి పాటే గానీ కాలు ఒక్కచోట నిలవదు. కామెంట్లలో ఒకాయన వీళ్ళు స్టేపుల్ సింగర్స్ (పేరున్న పాత గాస్పెల్ కుటుంబ గ్రూపు) వారసులంటాడు, ఇంకొకాయన కాదంటాడు. వెతికితే 2025 ఆల్బమే ముందు కనపడుతోంది. ఇంత గొంతు పెట్టుకుని ఈవిడ ఇన్నాళ్ళూ ఎక్కడున్నట్టు? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రికార్డుల_పెట్టె:
వారసులు కారండీ, వీరాభిమానులు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో అబర్డీన్ అనే చిన్న ఊళ్ళో బ్రౌన్ కుటుంబం పిల్లలు, అంటే ఈ ఆనీ, ఆమె తోబుట్టువులు ఏ.ఆర్.సి., ఎడ్వర్డ్, 1969లో ఇంకా స్కూలుకెళ్ళే వయసులోనే గ్రూప్ కట్టి దానికి స్టేపుల్స్ జూనియర్ సింగర్స్ అని పేరు పెట్టుకున్నారు. గందరగోళమంతా ఆ పేరుతోనే. వ్యాన్ వేసుకుని ఊళ్ళు తిరిగి పాడేవాళ్ళు. 1975లో టుపెలో (ఎల్విస్ పుట్టిన ఊరు) వెళ్ళి ఒక ఎల్పీ (గ్రామఫోన్ మీద వేసే పెద్ద రికార్డు) చేశారు, పేరు ‘వెన్ డు వి గెట్ పెయిడ్’. కొన్ని వందల కాపీలు వేయించి ఇంటి ముందు పెట్టుకుని అమ్మారు. బయటి ప్రపంచానికి సంబంధించినంతవరకు అంతే సంగతులు.

ఏళ్ళు గడిచాక ఆ ఎల్పీ కోసం పాత రికార్డులు సేకరించేవాళ్ళు ఎగబడ్డారు, వందల డాలర్లు పెట్టారు. చేతులు మారిన ఆ డబ్బులో పాడినవాళ్ళకి పైసా రాదు కదా! 2019లో న్యూయార్క్ లేబుల్ (రికార్డుల కంపెనీ) లువాకా బాప్, 70ల నాటి గాస్పెల్ సోల్ (సోల్ సంగీతం కలిసిన చర్చి పాటలు) సంకలనంలో వీళ్ళ పాట ఒకటి చేర్చింది, 2022లో మొత్తం ఎల్పీ మళ్ళీ వేసింది. 47 ఏళ్ళు! ఆ తర్వాతే యూరప్‌లో కచేరీలు, 2024లో ‘సెర్చింగ్’ అనే కొత్త ఆల్బమ్.

మీరు చూసింది ఆనీ సొంత భర్తాపిల్లలతో కట్టిన గ్రూపు. ఉండేది అబర్డీన్‌కి దగ్గర్లోనే, వెస్ట్ పాయింట్‌లో. అక్కడ ఆవిడకి బట్టల కొట్టు కూడా ఉంది, స్టేజి మీద అందరూ ఒకే రంగులో మెరిసిపోవడం ఊరికే రాలేదు.

కాయిర్_గుంటూరు:
ఎక్కడున్నారంటే చర్చిలోనే ఉన్నారు. మనకి కనపడలేదంతే. మా చర్చి కాయిర్‌లో (పాటల బృందంలో) కీబోర్డ్ వాయిస్తాను కాబట్టి నాకు ఎక్కువ నచ్చింది ఇది: పాట సగం అయ్యేసరికి చరణాలు ఆగిపోతాయి, బేస్, డ్రమ్స్ ఒకే ముక్కని పట్టుకుని తిప్పుతూ ఉంటాయి, కూతుళ్ళు ఒకే మాటని మళ్ళీ మళ్ళీ అంటుంటారు, వాటి మీద ఆనీ అప్పటికప్పుడు సాక్ష్యం చెప్పినట్టు పాడుతుంది, అరుస్తుంది, ఆగుతుంది, నవ్వుతుంది. దీన్ని వాళ్ళు వ్యాంప్ అంటారు. మా ఆరాధనలోనూ పల్లవి దగ్గర ఆగి అలా తిప్పుతాం గానీ, ఎప్పుడు పైకి లేపాలో ఎప్పుడు దించాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. వీళ్ళు వెనక్కి కూడా తిరగరు! అమ్మ ఊపిరి తీసుకోవడం వినపడితే చాలు, డ్రమ్స్ మీద కొడుకు పట్టేస్తాడు. రిహార్సల్స్‌తో వచ్చేది కాదది.

సందేహ_జీవి:
అంతా బాగుంది గానీ, ఈ ‘కనుగొన్నాం’ కథలంటే నాకు ఒళ్ళు మంట. లువాకా బాప్ పెట్టింది డేవిడ్ బర్న్, పెద్ద రాక్ స్టార్. వాళ్ళు వేసేదాకా ఆ ఊరివాళ్ళకి వీళ్ళు తెలియదా? ఆల్బమ్ పేరే మాకు డబ్బులెప్పుడని అడుగుతోంది, దానికి ఇన్నేళ్ళ తర్వాత చప్పట్లు కొడితే సరిపోతుందా?

రికార్డుల_పెట్టె:
కోపం న్యాయమే. కానీ ఈ లేబుల్ పాతది అమ్ముకుని ఊరుకోలేదు, కొత్తగా రికార్డు చేయించింది కూడా. ‘సెర్చింగ్’ స్టూడియోలో కాదు, వెస్ట్ పాయింట్‌లోని చర్చిలో తీశారు. కాల్డ్‌వెల్స్ ఆల్బమ్ కూడా వాళ్ళ ఊరి చర్చిలోనే, ప్రొడ్యూసర్ సింకేన్ అనే సంగీతకారుడు. మొత్తం ఆరే పాటలు. పాడేవాళ్ళు సొంత చోట నిలబడి, ఎదురుగా తమవాళ్ళని పెట్టుకుని పాడారు. 1975లో ఆ పిల్లలకి ఆ మాత్రం అడిగే వీలు ఎక్కడిది?

పాత_క్యాసెట్:
అందరికీ థాంక్స్. వరసగా వినాలంటే ఏది ముందు?

కాయిర్_గుంటూరు:
ముందు 1975ది. గొంతులు పచ్చిగా ఉంటాయి, రికార్డింగ్ అంతంత మాత్రం, అయినా వదలబుద్ధి కాదు. తర్వాత నేరుగా కాల్డ్‌వెల్స్. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు బాబూ, బేస్ పోతే సగం పాట పోయినట్టే.