రోగాల మోడళ్ల కోడ్ అందరికీ తెరిచిపెట్టాల్నా? డెంగీ ప్రాజెక్టు చేస్తూ అడుగుతున్న

నల్లగొండ_ఫైనలియర్:
ప్రాజెక్టుకు డెంగీ తీసుకున్న. రోగం ఎట్ల పాకుతదో కంప్యూటర్‌ల లెక్కగట్టే మోడళ్లుంటయి గద, కరోనా కోసం చేసిన కోవాసిమ్ లాంటియి. వాటి కోడ్ గిట్‌హబ్‌ల (కోడ్ పంచుకునే వెబ్‌సైట్) ఉత్తగనే దొరుకుతది, పైథాన్ భాష వస్తె నడిపించొచ్చు. మా సార్ ఏమో "గివి నిపుణుల దగ్గర్నే ఉండాలె. అందరి చేతికిస్తె వాట్సాప్‌ల తప్పుడు గ్రాఫులు తిరుగుతయి" అంటున్నడు. నేనైతె తెరిచిపెట్టాల్సిందే అంటున్న. మీరేమంటరు?

మిర్యాలగూడ_డెవలపర్:
మీ సార్ భయం ఉత్తదేం కాదు. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ల కరోనా రిపోర్టు 2020 మార్చి 16న వచ్చింది. దాని వెనక ఉన్నది అక్కడి శాస్త్రవేత్త నీల్ ఫెర్గూసన్ ఎప్పుడో ఫ్లూ కోసం సీ భాషలో రాసుకున్న పాత కోడ్, వేల లైన్లు, పక్కన వివరణ లేదు. సర్దుబాటు చేసి గిట్‌హబ్‌లో పెట్టగానే ప్రోగ్రామర్లు ఉతికి ఆరేశారు. కొన్ని తిట్లు న్యాయమైనవే. కానీ కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఎగ్లెన్ అనే పరిశోధకుడు అదే కోడ్‌ను మళ్లీ నడిపి, రిపోర్టులోని ముఖ్యమైన అంకెలు వస్తున్నాయని తేల్చాడు. తాళం వేసి ఉంటే తిట్టేవాళ్లకూ తేల్చేవాళ్లకూ దారి ఉండేది కాదు. అయినా ముందే తెరిచి ఉంటే అంత రభస అయ్యేదా?

ల్యాబ్_అక్క:
కోడ్ సంగతి మీరు కొట్లాడుకోండ్రి. అండ్ల పోసే అంకెలేవి? ప్రైవేటుల రాపిడ్ కిట్ మీద రెండు గీతలు పడితె డెంగీ అంటరు. సర్కారు లెక్కల మాత్రం ఎలీసాల, అంటె ల్యాబుల చేసే రక్త పరీక్షల, తేలితేనే కేసు. కిట్ చూసుకొని ఇంటికి పోయినోడు మళ్ల శాంపిల్ ఇయ్యనీకె జిల్లా కేంద్రానికి వస్తడా? బోనస్ ఏమన్న ఇస్తరా? గా మనిషి ఏ లెక్కల లేడు. మోడల్ ఎంత మంచిదైతె ఏంది తమ్మీ.

పాలమూరు_టు_పుణె:
అక్క మాట నిజం. గని నాకు ఇంకో బాధ ఉంది. 1927ల కెర్మాక్, మెకెండ్రిక్ అనేటోళ్లు రోగం పాకుడు మీద కట్టిన పాత లెక్కల జనమంత ఒక్క తీరుగ కలిసిపోతరు అనుకుంటరు. మా ఊర్ల దసరాకు ఇండ్లు నిండుతయి, పండుగ అయినంక సగం తాళాలు, అందరు బొంబాయి, పుణె మేస్త్రీ పనులకు. 2020 మేల మేము బస్సులల్ల, లారీలల్ల వాపస్ వచ్చినప్పుడు గీ రాకపోకలు ఏ మోడల్‌ల ఉండె? కోడ్ చేతుల ఉంటె వలస కలిపి చూడొచ్చు. లేకపోతె పెద్దోళ్లు చెప్పింది వినుడే.

మిర్యాలగూడ_డెవలపర్:
దోమల లెక్క మనకు కొత్తేం కాదు. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. తర్వాత దోమలన్నిటినీ చంపక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే రోగమే ఆగిపోతుందని లెక్క కట్టి చూపించాడు. ఆ సమీకరణాలు దాచుకోలేదు గనకే ఇప్పటికీ వాటి మీద కడుతున్నారు.

నల్లగొండ_ఫైనలియర్:
అక్కా, పేర్లు వద్దు. తారీఖు, ఊరు, రాపిడా ఎలీసానా, గింతే ఇప్పిస్తవా? రెండూ వేరువేరుగ పెట్టి నడిపిస్త, తేడా ఎంతొస్తదో చూద్దాం. కోడ్ బయటనే పెడ్త.

ల్యాబ్_అక్క:
నేనిచ్చేదేంది, జిల్లా ఆఫీసుల దరఖాస్తు పెట్టు. ఊరు మాత్రం రాయకు. నలభై ఇండ్ల తండాల ఒక్క కేసుంటె ఎవరిదో అందరికి ఎర్కే.

నల్లగొండ_ఫైనలియర్:
సరే అక్క, మండలం వరకే. దరఖాస్తు ఎవరి పేరు మీద రాయాలె?