ఎకో ఫ్రెండ్లీ పేరు ఆయనది, చాకిరీ నాది. ఇంట్లో రూల్స్ ఎవరు పెట్టాలి?

సగంచీకటి:
ముందే చెప్తున్నా, నేను పర్యావరణానికి వ్యతిరేకిని కాదు, అందరూ ఒక్కసారిగా మీద పడకండి. మా ఆయనకి ఏడాదిన్నర నుంచి ఈ ఎకో ఫ్రెండ్లీ పిచ్చి పట్టుకుంది. మొదట్లో లైట్లు ఆపడం, ట్యాపు కట్టేయడం, అంతవరకు నాకూ నచ్చింది. తర్వాత ఒక ఆదివారం కూర్చుని ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ అవతల పడేసి 23 గాజు సీసాలు తెచ్చాడు, టిష్యూలు బంద్ గుడ్డ ముక్కలే వాడాలి, చెత్తకి మూడు బుట్టలు, వంటింటి తడి చెత్తకి కంపోస్ట్ డబ్బా, కొన్న క్లీనర్లు వద్దు బేకింగ్ సోడా వెనిగర్ చాలు. వింటుంటే ఎంత ముచ్చటగా ఉందో కదా. మరి ఆ సీసాలు కడిగేదెవరు, గుడ్డ ముక్కలు ఉతికేదెవరు, డబ్బా కంపు కొడితే ముక్కు మూసుకుని కలిపేదెవరు? నేనే. ఆయన రూల్ పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోతాడు, నేనూ ఉద్యోగమే చేస్తున్నా, ఎవరికైనా గుర్తుందో లేదో. మొన్న ఒళ్ళు వెచ్చగా ఉండి పార్సిల్ తెప్పించుకుంటే ఆ ప్లాస్టిక్ కవరు రెండు వేళ్ళతో పట్టుకుని నా మొహం ముందు ఆడించాడు, ఏదో దొంగసొత్తు దొరికినట్టు. అదే మనిషి ఫ్రెండ్స్‌తో సరదాకి ఏడాదికి రెండుసార్లు విమానం ఎక్కుతాడు, అడిగితే "అది వేరే" అంటాడు.

అందుకే అడుగుతున్నా, ఇద్దరిలో ఒకరికే ఈ పట్టింపు ఉన్నప్పుడు రెండోవాళ్ళు ఎంతవరకు సర్దుకోవాలి? ఫోన్ చార్జర్ సాకెట్లో వదిలేశానని కూడా తగువే మాకు.

మీటర్‌చూసేవాడు:
అమ్మా, చార్జర్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో గొడవ అక్కడే తగలడుతుంది. ఫోన్ తగిలించకుండా ఊరికే సాకెట్లో ఉన్న ఇప్పటి చార్జరు లాగేది వాట్‌లో పదోవంతు, మహా అయితే 0.3 వాట్. ఏడాదంతా అలాగే వదిలేసినా ఒకటి నుంచి రెండున్నర యూనిట్లు. కరెంటు హీటరు నీళ్ళతో పది నిమిషాలు షవర్ కింద నిలబడితే ఒక్క పూటకే సుమారు 2 యూనిట్లు. అంటే మీ ఆయన మీతో ఏడాదంతా పోట్లాడి మిగిల్చింది ఒక్క స్నానంలో పోయింది. ఇంట్లో కరెంటు తినేవి నీళ్ళు కాచేవి, గదిని చల్లబరిచేవి, వెచ్చబరిచేవి, ఆ తర్వాత రోజంతా తిరిగే ఫ్రిజ్. తగువు పడాలనుకుంటే వాటి మీద పడండి, ఫలితం ఉంటుంది.

గాజు సీసాల గురించి నాకు బాగా మండింది. వాడుతున్న ప్లాస్టిక్ డబ్బా పారేసి గాజు కొంటే పర్యావరణానికి ఒరిగేదేంటి? డబ్బా తయారీకి అయిన ఖర్చు ఎప్పుడో అయిపోయింది, దాన్ని చెత్తలో కలిపి పైగా కొత్త సీసాలకి కొలిమి వెలిగించినట్టు. డబ్బా పగిలాక కొనుక్కోవాల్సింది.

నాలుగోబుట్ట:
మా ఇంట్లో సీను రివర్స్. పట్టింపు నాకు, ఆయనకి అస్సలు పట్టదు, నేను మూడు బుట్టలు పెడితే ఆయన నాలుగోది కనిపెట్టాడు, ఎక్కడ నిలబడితే అక్కడే పడేయడం. కాబట్టి సగంచీకటి గారూ, మీ ఆయన బాధ కూడా నాకు కొంచెం అర్థమవుతుంది. మనం కష్టపడి వేరు చేసిన పొడి చెత్తలో ఎవరో సగం తాగిన కాఫీ కప్పు పడేస్తే కాగితాలన్నీ తడిసి దేనికీ పనికిరావు, ఆ కోపం ఒకరోజుది కాదు.

కానీ చాకిరీ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. రోజూ చేసే చేతులకే ఇంట్లో రూల్ పెట్టే హక్కు, నా మాట ఇంతే. పట్టింపు నాది కాబట్టి మా ఇంట్లో బుట్టలు ఖాళీ చేసేది కూడా నేనే.

ఎండాకు:
సరే, ఈ థ్రెడ్‌లో విలన్ లాంటి మొగుణ్ణి నేనే, మా ఆవిడ కూడా ఇవే మాటలంటుంది. ఒక్కటి అడుగుతా. గోడకి ఏ రంగు వేయాలి, టీవీ ఏ గదిలో పెట్టాలి, ఇవి ఇష్టాలు, సర్దుకోవచ్చు, ఎవరు ఓడినా ఇల్లు దాటదు. చెత్త అలా కాదు కదా, మనం పారేసింది ఇంకెవరి గుమ్మం పక్కనో గుట్ట అవుతుంది, తడి చెత్త గుట్టల అడుగున గాలాడక కుళ్ళి మీథేన్ వస్తుంది, అది వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకి పైగా వేడి పట్టి ఉంచుతుంది. మరి దీన్ని కూడా "నీ ఇష్టం నీది నా ఇష్టం నాది" అని ఎలా వదిలేయమంటారు? నేను గొణక్కపోతే మా ఇంట్లో ఏదీ జరగదు. చెడ్డపేరు వచ్చినా సరే.

సగంచీకటి:
ఎండాకు గారూ, గొణగడం మీ వంతు, కడగడం ఎవరి వంతో చెప్పలేదు మీరు.

ఎండాకు:
...కొన్ని నేను కడుగుతా.

నాలుగోబుట్ట:
"కొన్ని" 😂 ఆ కొన్ని ఎన్నో మీ ఆవిణ్ణి కూడా అడగాలి. 1979లో రాస్, సికోలీ అని ఇద్దరు సైకాలజిస్టులు భార్యాభర్తల్ని విడివిడిగా కూర్చోబెట్టి ఇంటి పనుల్లో నీ వాటా ఎంత అని అడిగారు. ఇద్దరు చెప్పినవీ కలిపితే చాలా జంటల్లో నూటికి మించిపోయింది. అందరూ అబద్ధాలకోరులని కాదు, మనం చేసింది మనకి గుర్తుంటుంది, అవతలివాళ్ళు చేసింది మన కంట పడదు, అంతే. మేమూ ఒక వారం కాగితం మీద రాసుకున్నాం, ఎవరు ఏం కడిగారు ఏం మోశారు అని. మూడోరోజుకే మా ఆయన ఆ కాగితం వైపు చూడటం మానేశాడు. అయితే నాకూ దెబ్బ తగిలింది, పాడైన ట్యాపులు బిగించేది, మిక్సీ రిపేరుకి తిరిగేది, కొత్తది కొనకుండా బండి నడిపించేది అంతా ఆయనే, అది పర్యావరణం ఖాతాలో వేయాలని నాకెప్పుడూ తట్టలేదు. చుక్క చుక్క కారే ట్యాపు సెకనుకి ఒక చుక్క వదిలినా రోజుకి 20 లీటర్లట, నేను గిన్నెలు కడిగిన నీళ్ళు మొక్కలకి పోసి మురిసిపోతున్నా, పక్కన ఆయన నోరెత్తకుండా వాషర్ మార్చేశాడు.

నాకెందుకు:
ఇంత ఆవేశం దేనికండీ. కార్బన్ ఫుట్‌ప్రింట్, అంటే మన వల్ల గాల్లో కలిసే కార్బన్ లెక్క, ఆ మాటని జనం నోళ్ళలో నానేలా చేసింది ఎవరనుకున్నారు, 2004లో బీపీ అనే ఆయిల్ కంపెనీ. వెబ్‌సైట్లో కాలిక్యులేటర్ పెట్టి మీ ఇంటి పాపం మీరే లెక్కపెట్టుకోండి అంది. ఆయిల్ తోడి అమ్మేది వాళ్ళు, ప్లాస్టిక్ కవరు కోసం పడక గదిలో మొహాలు మాడ్చుకునేది మీరూ మీ ఆయనా. హాయిగా పడుకోండి.

మీటర్‌చూసేవాడు:
బీపీ సంగతి నిజమే బ్రో, కానీ దాన్ని పట్టుకుని ఏమీ చెయ్యక్కర్లేదు అనడం కూడా వాళ్ళకే లాభం కదా, మీరు కొనే పెట్రోలు అలాగే కొంటుంటారు. ఇళ్ళల్లో తేలేది అసలే లేదనుకోకండి. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క, అందులో 60 శాతం ఇళ్ళల్లోదే, హోటళ్ళూ షాపులూ కలిపినా అంత లేదు. అంటే కంపోస్ట్ ఎలా చెయ్యాలి అని కొట్టుకునే ముందు ఆ తిండి డబ్బా దాకా ఎందుకు వచ్చిందో చూసుకోవాలి. ఫ్రిజ్‌లో వెనక్కి తోసేసి మర్చిపోయింది ఎవరు అన్నది మళ్ళీ ఇంకో గొడవ, దాంట్లోకి నేను రాను.

విమానం సంగతి కూడా చెప్పేస్తా, దాన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు ఎందుకో. 2017లో వైన్స్, నికొలస్ అని ఇద్దరు పరిశోధకులు అభివృద్ధి చెందిన దేశాల లెక్కలు తీసి ఏ అలవాటు ఎంత మిగులుస్తుందో చూశారు. అట్లాంటిక్ మీదుగా ఒక్కసారి వెళ్ళి రావడం మానేస్తే 1.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, ఇంట్లో ఏడాదంతా పద్ధతిగా రీసైక్లింగ్ చేస్తే దాదాపు 0.2 టన్ను. ఎనిమిదేళ్ళు బుట్టలు సర్దితే ఒక టూర్‌కి సరి. మీ ఆయన వెళ్ళేది అంత దూరం కాకపోవచ్చు, అయినా "అది వేరే" అనే మాట మాత్రం చెల్లదు, వేరేనే, పెద్దది కాబట్టి.

ఎండాకు:
ఇది నాకూ తగిలింది. అయితే ఒకటుంది, బుట్టలు రోజూ కళ్ళ ముందుంటాయి, విమానం ఏడాదికోసారి. కనబడేదాన్నే సరిచేయాలనిపిస్తుంది మనిషికి. అలాగే ఒక మంచిపని చేశాక ఇంకోచోట సడలింపు తీసుకుంటాం, నేను గుడ్డ సంచీ పట్టుకెళ్ళాను కదా అని ఏసీ ఇంకో గంట. తప్పే, ఒప్పుకుంటున్నా.

మీటర్‌చూసేవాడు:
గుడ్డ సంచీ అన్నారు కాబట్టి, ఎన్ని ఉన్నాయి మీ ఇంట్లో?

ఎండాకు:
పన్నెండో పదమూడో. ఎందుకు?

మీటర్‌చూసేవాడు:
బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో వేసిన రిపోర్టు ప్రకారం పలచటి ప్లాస్టిక్ కవరుతో వాతావరణం లెక్కలో సమానం కావాలంటే కాటన్ సంచీని కనీసం 131 సార్లు వాడాలి. ఆ కవరుని ఇంట్లో చెత్తబుట్టకి వేసి మళ్ళీ వాడితే ఇంకా ఎక్కువ సార్లు. ఒక్కో సంచీకి 131. మీరు పదమూడు సంచీలకి ఇప్పుడు బాకీ ఉన్నారు.

నాలుగోబుట్ట:
ఆగండాగండి, అది వాతావరణం లెక్క మాత్రమే. కాలవలో అడ్డం పడే కవర్లు, పశువుల కడుపులో తేలే కవర్లు ఆ 131లో ఎక్కడున్నాయి? అంకె కనబడగానే వాదన అయిపోయినట్టు మాట్లాడతారు మీరు. ఒక సంచీ కొని చిరిగేదాకా వాడమనండి, ఒప్పుకుంటా, కవరే మేలు అంటే ఒప్పుకోను.

మీటర్‌చూసేవాడు:
కవరే మేలు అని నేను అనలేదు. సంచీలు కొనడం ఆపమన్నా. కానీ మీరు చెప్పింది కరెక్టే, ఆ లెక్కలో అవి లేవు.

పాతచెప్పులు:
పిల్లలూ, మాకు ఈ పేర్లేమీ తెలియవు గానీ చిరిగితే కుట్టుకున్నాం, విరిగితే అతికించుకున్నాం, పెద్దవాడి చొక్కా చిన్నవాడికి తొడిగాం. గొడవలు పడలేదు. ఉన్నదాన్ని వాడుకోవడమే కదా మీరు చెప్పేదంతా.

సగంచీకటి:
బాబాయ్ గారూ మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా, కుట్టింది ఎవరు? గొడవ పడలేదు అంటే పిన్ని గారు నోరు తెరవలేదని అర్థం కాదు కదా.

పాతచెప్పులు:
నీ పిన్నిని అడిగి చెప్తా తల్లీ.

(రెండు గంటల తర్వాత) అడిగాను. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు అంత మంచిగా అనిపించలేదు.

నాలుగోబుట్ట:
❤️ బాబాయ్ గారికి.

సగంచీకటి గారూ మధ్యలో ఇంకో ముక్క, ఆ సోడా వెనిగర్ రెండూ కలిపి సీసాలో పోసి పెట్టుకుంటున్నారా? బుసబుస పొంగుతుంది గానీ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పు నీళ్ళ లాంటిది. సోడా రుద్దడానికి, వెనిగర్ తెల్ల మరకలకి, విడివిడిగా వాడండి. వెనిగర్‌ని బ్లీచ్‌తో మాత్రం పొరపాటున కూడా కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఇది తమాషా కాదు. ఇక డబ్బా కంపు కొడుతుందంటే లోపల తడి ఎక్కువై గాలాడట్లేదన్నమాట, ఎండాకులు గానీ చింపిన అట్టముక్కలు గానీ వేసి కలపాలి. మీరు కాదు. ఆయన.

నాకెందుకు:
ఇంత కెమిస్ట్రీ చదివి కూడా చివరికి గిన్నెలు ఎవరు తోమాలి అన్న దగ్గరే ఆగింది చర్చ.

నాలుగోబుట్ట:
మొదలైందే అక్కడ కదండీ.

సగంచీకటి:
పన్నెండు రోజుల తర్వాత వచ్చా. ఆయనకి ఈ థ్రెడ్ చూపించలేదు, ఒక్కటే అన్నా, నువ్వు పెట్టిన రూల్‌కి రెండు వారాలు నువ్వే చాకిరీ చెయ్యి, నేను వేలు కూడా పెట్టను, విమర్శ కూడా చెయ్యను. ఓస్ అంతేనా అన్నాడు. నాలుగోరోజుకి గుడ్డ ముక్కల కుప్ప చూసి నూనె మరకలకి మాత్రం టిష్యూ వాడదామా అని ఆయనే అడిగాడు. సీసాలు 23 లోంచి 9 మిగిలాయి, మిగతావి ఎవరికో ఇచ్చేశాడు, మూత సందుల్లో బ్రష్ దూరట్లేదట, ఏడాదిన్నర నుంచి దూరట్లేదు నాయనా. తడి చెత్త రోజూ తనే మోస్తుంటే వారంలో ఎంత పారేస్తున్నామో ఆయనకి ఇప్పుడు తెలిసింది, నాకూ తెలిసింది లెండి, అందులో సగం నేను ఎక్కువ కొన్నదే. అది మాత్రం తగ్గించా. మూడు బుట్టలు ఉంటాయి, అది నాకు ఓకే. చార్జర్ ఊసు ఎత్తట్లేదు. షవర్ దగ్గర మాత్రం ఇప్పుడు నేను గొణుగుతున్నా, పావుగంట నిలబడతాడు.

విమానం తేలలేదు. ఈసారి ఒక్కసారే వెళ్తా అన్నాడు, నేను సరే అనలేదు కాదూ అనలేదు. అప్పటిదాకా కవరు ఆడించడం మానెయ్యమన్నా.

అన్నట్టు డబ్బాలో ఎండాకులు ఎంత వెయ్యాలి? ఇంకా కొంచెం వాసనొస్తోంది, ఆయన అడగమన్నాడు.

నాలుగోబుట్ట:
తడి ఒక వంతైతే ఎండు రెండు మూడు వంతులు. ఈసారి ఆయన్నే వచ్చి అడగమనండి.